అలలు విరగని చోటు

మెరైన్ పోలీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కొందరు ఈ మధ్య మా ఇంటికొచ్చి, "మీ సర్వీసు గురించి చెప్పండి సార్" అన్నారు. టీ తాగుతూ తోచింది చెప్పాను. వాళ్ళు వెళ్ళాక చెప్పాల్సింది చాలా మిగిలిపోయిందనిపించింది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. అవి మీకూ వస్తాయి, కాస్త ఆలస్యంగా వస్తాయి, అంతే. నేను రాసేది నీళ్ళ గురించి, ఆ నీళ్ళ ముందు నిలబడ్డ కొందరు మనుషుల గురించి.

నా పేరు మస్తాన్ వలీ. మాది ప్రత్తిపాడు వైపు మిరప, పత్తి పండే నల్లరేగడి ఊరు. మా ఇంట్లో సముద్రం ఎరిగినవాళ్ళు లేరు. కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయలే మాకు కనుచూపు మేర కనిపించే విశేషం. పోలీసు ఉద్యోగం వచ్చాక కొన్నేళ్ళు గుంటూరు కూడళ్ళలో ట్రాఫిక్ చూశాను. తర్వాత బాపట్ల, చీరాల తీరంలో మెరైన్ స్టేషనుకు వేశారు. "ఏం తప్పు చేశావురా, అక్కడ పారేశారు?" అని మా అన్న ఫోన్ చేసి అడిగాడు.

చేరిన రోజు సరుగుడు తోట దాటి ఇసుక మీదికి వచ్చాను. ఎదురుగా నీళ్ళు. అంత పెద్దది ఒకటి మా ఊరికి రెండు గంటల దూరంలో ఉండగా, నేను ఇంతకాలం దాన్ని చూడకుండా ఎలా బతికానా అనిపించింది. యూనిఫాంలో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. రిటైరయ్యేదాకా ఆ తోట దాటినప్పుడల్లా కాళ్ళు ఒక్క క్షణం ఆగేవి. మీ కాళ్ళు అలా ఆగకుండా పోయిన రోజు మీరు ఈ డ్యూటీకి పనికిరారని నా అభిప్రాయం.

పాపారావు గారు

నా మొదటి ఎస్సై పాపారావు గారు. గొంతు పెద్దది, కోపం చిన్నది. మొదటి వారంలోనే నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళి అడిగారు.

"ఏరా మస్తాను, మీ చెల్లెలు పిల్లల్ని తీసుకుని వచ్చిందనుకో. స్నానానికి ఎక్కడ దింపుతావ్?"

నేను అటూ ఇటూ చూశాను. అన్ని చోట్లా అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. ఒక్క చోట మాత్రం, ఒక వీధి వెడల్పున, అల విరగడం లేదు. నీళ్ళు కొంచెం ముదురు రంగులో, నెమ్మదిగా కదులుతున్నాయి. దాన్ని చూపించాను.

"కొత్తగా వచ్చిన ప్రతివాడూ అదే చూపిస్తాడు. కుటుంబాలు కూడా అక్కడే దిగుతాయి. చచ్చేదీ అక్కడే," అన్నారాయన.

తర్వాత ఇసుకలో వేలితో గీసి చెప్పారు. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోవాలి. ఒడ్డుకు కొంచెం అవతల నీళ్ళ అడుగున ఇసుక మెట్టలుంటాయి. ఆ మెట్టల మధ్య సందు ఎక్కడ దొరికితే అక్కడ నీళ్ళు కాలవ కట్టుకుని వెనక్కి పరుగెడతాయి. ఆ కాలవ లోతుగా ఉంటుంది, అందుకే అక్కడ అల విరగదు. పైకి చూస్తే మిగతా సముద్రం కంటే శాంతంగా కనిపిస్తుంది. నురుగు, నాచు, బురద రంగు నీళ్ళు ఒడ్డు నుంచి లోపలికి పోతుంటే అదే గుర్తు. ట్రైనింగులో దాన్ని రిప్ కరెంట్ అని చెప్పారు. మా స్టేషన్‌లో లాగుడు అనేవాళ్ళం.

"చెబితే నీకు అర్థం కాదులే. రేపు దిగుదువుగాని," అన్నారు పాపారావు గారు.

మర్నాడు పొద్దున పోలయ్య అనే జాలరిని ఇంజను బోటుతో అలల అవతల నిలబెట్టారు. నా చంకల కింద రబ్బరు ట్యూబు కట్టారు. నాకు ఈత వచ్చు, మా ఊరి సాగర్ కాలవలో నేర్చుకున్నదే. ఆయన మాత్రం, "ఈదకు. ఏమీ చెయ్యకు. వెల్లకిలా పడుకుని ఊపిరి తీసుకో. అంతే నీ డ్యూటీ," అన్నారు.

మోకాళ్ళ లోతు దాటి నడుం లోతుకు వచ్చేసరికి కాళ్ళ కింద ఇసుక జారడం మొదలైంది. పడుకున్నాను. కింద నుంచి ఎవరో పట్టి లాగుతారని భయపడ్డాను. ఎవరూ లాగలేదు. రైలు కదిలినప్పుడు ప్లాట్‌ఫారం వెనక్కి పోతున్నట్టు ఉంటుంది చూడండి, అలా ఒడ్డు నా నుంచి వెళ్ళిపోయింది. పాపారావు గారు చిన్నవాడైపోయారు. సరుగుడు తోట ఒక పచ్చటి గీత అయింది. నా పక్కన నురుగు ముక్క ఒకటి నాతో పాటే వస్తోంది, అందుకని నేను కదులుతున్నట్టే లేదు.

ఆ క్షణంలో ఒడ్డువైపు ఈదాలని ఒళ్ళంతా కొట్టుకుంది. వద్దని ముందే చెప్పకపోతే, ట్యూబు లేకపోతే, నేనూ ఈదేవాణ్ణే.

అలలు విరిగే వరస దాటాక పట్టు వదిలేసింది. ఎంత బలంగా తెచ్చిందో అంత మెత్తగా వదిలేసింది. అక్కడ చప్పుడు లేదు. అలల ముందు భాగమే ఎప్పుడూ చూసినవాణ్ణి, అప్పుడు వాటి వీపులు చూశాను. నున్నగా, ఎండకు మెరుస్తూ, ఒకదాని వెనక ఒకటి నా కిందుగా ఒడ్డుకు నడిచి వెళుతున్నాయి. నేను వాటికి అడ్డం కాదు, వాటికి లెక్కే కాదు. భయం పోయి, నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు ఉండే స్థితి ఏదో వచ్చింది.

పోలయ్య బోటు దగ్గరికి తెచ్చి, "ఎట్టా ఉంది సారూ?" అన్నాడు. నేను అలల వైపు చెయ్యి చూపించాను.

"ఎక్కుతావా, పక్కకి పోయి ఈదుతావా?"

ఈదుతానన్నాను. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదమని పోలయ్య చెయ్యి చూపించాడు. కాసేపు అలా వెళ్ళానో లేదో అలలు విరిగే చోటికి వచ్చాను. అక్కణ్ణుంచి నేను చేసింది పెద్దగా లేదు. ఒక్కో అల ఎత్తుకుని తోసింది. ఒకచోట లోపలికి మోసుకెళ్ళిన సముద్రమే పక్కచోట నన్ను తెచ్చి ఇసుక మీద పెట్టింది.

ఈ ఒక్క పాఠంతో నా సర్వీసంతా గడిచింది. లాగుడు మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. మనిషిని చంపేది ఆయాసం. కొట్టుకోకుండా తేలి, చెయ్యెత్తి పిలిచి, ఓపిక ఉంటే పక్కకు ఈదినవాడికి బతికే అవకాశం ఉంటుంది. అయితే ఒక హెచ్చరిక. నీళ్ళలో బోటు, ఒడ్డున ఎస్సై లేకుండా ఎవరూ దీన్ని సరదాకి చేసి చూడొద్దు. నేర్పేవాళ్ళ దగ్గర, ట్యూబుతో, తాడుతో నేర్చుకోండి.

ఈత బాగా వచ్చినవాడు

మన మెట్ట ఊళ్ళ నుంచి తీరానికి వచ్చేవాళ్ళలో నాకు ఎక్కువ భయం వేసేది ఈత వచ్చినవాళ్ళను చూస్తే. రానివాళ్ళు మోకాళ్ళ దగ్గర ఆగుతారు. వచ్చినవాళ్ళు ఆగరు.

పెదనందిపాడు వైపు నుంచి కోటయ్య అని ఒక పత్తి రైతు వచ్చాడు. పత్తి తీతలు అయ్యాక ఊరివాళ్ళంతా కలిసి ట్రాక్టరు మీద వచ్చారు. మనిషి ఇనుప కడ్డీలా ఉన్నాడు. మేం విజిల్ వేస్తే నవ్వి, "మనం మోటబావుల్లో దూకినోళ్ళం సార్, మాకేం గాదు," అని లోపలికి పోయాడు.

లాగుడు పట్టింది. కోటయ్య ఒడ్డువైపు తిరిగి బారలు వేశాడు. నిజంగా చూడముచ్చటైన ఈత అది. కానీ ఒక్క అంగుళం ముందుకు రావడం లేదు. మా స్టేషన్ తరపున రేవులో ఉండే ఈతగాడు ట్యూబు తీసుకుని పక్క నుంచి వెళ్ళేసరికి అతని బారలు పొట్టివైపోయాయి, తల వెనక్కి వాలుతోంది, నోరు నీళ్ళ మట్టానికి వచ్చింది. కేకలు లేవు. మునిగే మనిషి సినిమాల్లోలాగా అరవడు, ఆ సంగతి గుర్తుంచుకోండి. ఊపిరికే చాలని నోరు కేకకు ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు ఒడ్డున చప్పుడు కోసం వింటూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. కళ్ళతోనే చూడాలి.

బతికాడు. ఇసుక మీద పడుకోబెట్టాక చాలాసేపటికి నా వైపు తిరిగాడు.

"ఈదుతానే ఉన్నా సార్. గట్టు మాత్రం రాలా."

"బావిలో గట్టు పక్కనే ఉంటది. ఇక్కడ నీళ్ళు వచ్చేదే గట్టు వైపు నుంచి. ఎదురు ఈదావు నువ్వు," అన్నాను.

అతను లేచి కూర్చుని సముద్రాన్ని చూశాడు. కోపం లేదు అతని చూపులో. తనకంటే బలమైనదాన్ని జీవితంలో మొదటిసారి కలిసినవాడి చూపు. వెళ్ళేముందు ఆ నీళ్ళకు వంగి దణ్ణం పెట్టుకున్నాడు.

తాళ్ళు కట్టించిన ఆఫీసరు

ఒక ఆఫీసరు వచ్చారు, పేరెందుకు. మంచివాడే, ప్రాణాలు పోతే నిద్రపట్టని మనిషి. వరసగా రెండు ప్రమాదాలు జరిగాయని తీరమంతా తాళ్ళు కట్టించి, స్నానాలు మొత్తం నిషేధించారు. బోర్డులు పెట్టించారు. రెండు ఆదివారాలు మా రేవు నిర్మానుష్యంగా ఉంది. పై నుంచి మెచ్చుకోళ్ళు వచ్చాయి.

జనం మానేశారా అంటే, మానలేదు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసే ఒరిస్సా కుర్రాళ్ళు, పొన్నూరు వైపు కుటుంబాలు, కాలేజీ పిల్లలు, అందరూ తాళ్ళు లేని చోటుకు పోయారు. అక్కడ మేం లేము, ట్యూబు లేదు, బోటు లేదు. పోలయ్య వచ్చి చెబితేగాని మాకు తెలియలేదు, అవతల రేవులో జాలర్లు వలలు వదిలేసి మనుషుల్ని తీస్తున్నారని.

ఆ ఆఫీసరుతో నేను ఒక్కసారే ధైర్యం చేసి మాట్లాడాను.

"సార్, వద్దంటే ఆగరు. ఇక్కడ దిగండి అని చూపిస్తే ఆగుతారు."

ఆయన నా వైపు తిరిగి, "ఎక్కడ దింపాలో నువ్వు చూపిస్తావా?" అన్నారు.

"ఏ రోజుకారోజు చూడాలి సార్. నిన్నటి కాలవ ఇవాళ అక్కడ ఉండదు."

తాళ్ళు తీయించారు. అప్పట్నుంచి తెల్లవారాక ఎత్తు మీద నుంచి నీళ్ళు చూసి జెండాలు మార్చడం మా పనైంది. రెండు జెండాల మధ్య అలలు విరుగుతున్న చోట స్నానం, ఎర్ర జెండా దగ్గర వద్దు. తుఫాను దూరంగా ఒరిస్సా వైపు ఉన్నా, మన దగ్గర ఎండ కాస్తున్నా, సముద్రం ఎగసి ఉంటే ఎవరినీ దింపం. తన ఉత్తర్వు తానే మార్చుకున్న ఆఫీసర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

చేతులు పట్టుకుని వెళ్ళినవాళ్ళు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయకపోతే మిగతాదంతా ఎందుకు.

ఇంజనీరింగ్ చదివే స్నేహితులు. మేం ఉన్న రేవుకు దూరంగా దిగారు. ఫోన్లో వీడియో తీసుకుంటూ ఒకడు వెనక్కి వెనక్కి నడిచి లోతులో పడ్డాడు. మిగతావాళ్ళు పారిపోలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా లోపలికి నడిచారు. గొలుసు చివరివాడు స్నేహితుణ్ణి అందుకున్నాడు కూడా.

మేం చేరేసరికి ముగ్గురు ఒడ్డున ఉన్నారు, ముగ్గురు లేరు. మొదట కొట్టుకుపోయిన కుర్రాణ్ణి పోలయ్య బోటు తీసుకొచ్చింది, ప్రాణంతో. అతను తేలుతున్నాడు. అతని కోసం వెళ్ళినవాళ్ళలో ఇద్దరు దక్కలేదు.

"చెయ్యి వదల్లేదు సార్. కాళ్ళ కింద ఇసుకే పోయింది," అన్నాడు ఒడ్డున ఉన్నవాడు. అదే మాట చెబుతూ ఉన్నాడు.

ఆ పిల్లల్ని తిట్టినవాళ్ళను నేను విన్నాను. నేను తిట్టలేను. స్నేహితుడి కోసం సముద్రంలోకి నడిచిన పిల్లలు వాళ్ళు. వాళ్ళకు లేనిది ధైర్యం కాదు, ఆ సమయంలో ఏం చెయ్యాలో చెప్పే మనిషి. అందుకే ఆ తర్వాత నేను కాలేజీలకు వెళ్ళి చెప్పడం మొదలుపెట్టాను. దిగొద్దు. తేలేది ఏదైనా విసరండి. వేలితో చూపిస్తూ ఉండండి, మనిషి మీద నుంచి చూపు తిప్పొద్దు. ఒకడు ఫోన్ చెయ్యండి. ఇవి చెప్పడానికి తేలిక. చెయ్యడం ఎంత కష్టమో మంగళగిరి నుంచి వచ్చిన ఒకావిడ చూపించింది.

రాజ్యలక్ష్మి గారు

కార్తీక మాసం, ఆదివారం. సరుగుడు తోటలో వనభోజనాలు. మంగళగిరి నుంచి ఒక వీధివాళ్ళంతా టాటా ఏస్ బండ్లు కట్టించుకుని వచ్చారు, చీరలు నేసే కుటుంబాలు. పులిహోర గిన్నెలు, నీళ్ళ క్యాన్లు, పిల్లలు, గోల. పొద్దున వాళ్ళు దిగగానే నేను వెళ్ళి జెండాల సంగతి చెప్పాను, కాలేజీల్లో చెప్పేదే చెప్పాను. చాలామంది ఊ కొట్టి పోయారు. ఒకావిడ మాత్రం గిన్నె కింద పెట్టి నిలబడి విన్నది. "తేలేదంటే ఎట్టాంటివండి?" అని అడిగింది.

"ఏదైనా అమ్మా. ట్యూబు, చెక్క. మీ ఖాళీ నీళ్ళ క్యాను మూత బిగించినా సరే."

ఆవిడే రాజ్యలక్ష్మి గారు. భర్త పానకాలు, మగ్గం నేస్తాడు. కొడుకు సాయి డిగ్రీ చదువుతున్నాడు.

భోజనాలయ్యాక నేను జెండాల దగ్గర ఉన్నాను. దక్షిణం వైపు కేకలు వినిపించి పరుగెత్తాను. ఎర్ర జెండా అవతల సాయి, అతని స్నేహితుడు బంతి కోసం దిగారు. స్నేహితుడు ఎలాగో బయటపడ్డాడు. సాయి తల నీళ్ళ మీద కనిపిస్తోంది, కదిలిపోతోంది.

ఇసుకలో పరుగు ఎంత నెమ్మదో మీకు తెలుస్తుంది ముందుముందు. నేను ఇంకా దూరంలో ఉండగానే జరిగిందంతా చూశాను. పానకాలు చొక్కాతోనే నీళ్ళలోకి దూకబోయాడు. అతని వెనక అతని తమ్ముడు, ఇంకో ఇద్దరు. రాజ్యలక్ష్మి గారు అతని చొక్కా పట్టుకుని వెనక్కి గుంజారు. అతను విదిలించాడు. ఆవిడ ముందుకు వచ్చి మగవాళ్ళందరికీ అడ్డంగా, నీళ్ళకు వీపు పెట్టి నిలబడ్డారు.

"నా బిడ్డేనే వాడు, వదులు," అని అరిచాడు పానకాలు.

"నాకు మాత్రం బిడ్డ కాదా? నువ్వు పోతే ఇద్దరు పోతారు. క్యాను తే. మూత బిగించి తే."

"లచ్చిమీ, వదులే."

"వదల్ను. నన్ను కొట్టినా వదల్ను. క్యాన్లు తెండయ్యా, నిలబడి చూస్తారేంది?"

ఎవరో క్యాను తెచ్చారు. పానకాలు తమ్ముడు మోకాళ్ళ లోతులో నిలబడి బలమంతా పెట్టి విసిరాడు. అది దగ్గర్లోనే పడింది. అందరూ హా అన్నారు. కానీ క్యాను పడింది ఆ కాలవలోనే. సాయిని తీసుకుపోతున్న నీళ్ళే దాన్నీ తీసుకుపోయాయి, వాడి వెనకే. ఆ నీళ్ళు అలా దాన్ని మోసుకుని వెళ్ళడం నేను చూశాను. రెండోది విసిరారు. అదీ వెళ్ళింది.

రాజ్యలక్ష్మి గారు అప్పుడు సముద్రం వైపు తిరిగి, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, మగ్గాల చప్పుడు మీద మాట్లాడే అలవాటున్న గొంతుతో అరిచారు.

"సాయీ, ఈదమాక. పండుకో. క్యాను వస్తంది. పట్టుకుని పండుకో."

ఆ మాట అతనికి వినిపించిందో లేదో నాకు తెలియదు. అతనే తర్వాత చెప్పాడు, మాట అర్థం కాలేదు గానీ అమ్మ గొంతులో ఏడుపు లేదని తెలిసి కొంచెం ధైర్యం వచ్చిందని. చెయ్యి చాస్తే ప్లాస్టిక్ తగిలిందట.

నేను చేరేసరికి పోలయ్య బోటు ఇంజను మొదలైంది. మేం అతనికిచ్చిన వైర్‌లెస్‌లో దిక్కు చెప్పాను. ఆవిడ చెయ్యి చాచి కొడుకు వైపు చూపిస్తూనే ఉన్నారు. అల లేచినప్పుడల్లా తల మాయమయ్యేది. ఆవిడ వేలు మాత్రం కదిలేది కాదు, అల దిగేసరికి తల సరిగ్గా ఆ వేలి చివరే ఉండేది. నేను బోటును ఆ వేలిని చూసే నడిపించాను.

పానకాలు ఇసుక మీద కూలబడి తల కొట్టుకుంటున్నాడు. వీధి ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఒకామె, "అట్టా రాయిలా నిలబడ్డావేంటే, తల్లివేనా?" అంది. ఆవిడ కన్ను తిప్పలేదు.

పోలయ్య అలల అవతల సాయిని బోటులోకి లాగాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు, ప్రాణం ఉందని గుర్తు.

బోటు తిరిగి రావడానికి పట్టినంత సేపూ రాజ్యలక్ష్మి గారి చెయ్యి దిగలేదు. "అమ్మా, దొరికాడు, ఇక దించండి" అన్నాను. ఆవిడ విన్నట్టు లేదు.

ఇసుక మీద సాయిని దింపాం. నీళ్ళు కక్కుకున్నాడు, వణుకుతున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు. అంబులెన్సుకు చెప్పాం. నీళ్ళు మింగినవాళ్ళను బాగానే ఉన్నారని ఇంటికి పంపొద్దు, ఆసుపత్రికి పంపాల్సిందే. అతన్ని స్ట్రెచర్ మీదికి ఎక్కిద్దామంటే క్యాను పిడి వదలడం లేదు. వదలాలని ఉంది, వేళ్ళు రావడం లేదు. పోలయ్య ప్రయత్నించాడు. నేను ప్రయత్నించాను.

రాజ్యలక్ష్మి గారు వచ్చి కొడుకు పక్కన కూర్చున్నారు. కొట్టలేదు, కావలించుకోలేదు. అతని పిడికిలిని ఒళ్ళో పెట్టుకుని, చిక్కుపడ్డ నూలు తీసే ఓపికతో, ఒక్కో వేలినీ రుద్ది విడదీశారు. చివరి వేలు వచ్చాక క్యాను ఇసుక మీద దొర్లింది.

అప్పుడు ఆవిడ లేవబోయారు. అంతసేపు అంతమంది మగవాళ్ళను ఆపిన మనిషి మోకాళ్ళ మీద కూలిపోయి, నా బూట్ల దగ్గర ఇసుకను రెండు చేతులా పట్టుకుని, గొంతు పగిలేలా ఏడ్చారు. పానకాలు చిరిగిన చొక్కాతో వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

నేను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. పై ఆఫీసర్ల ముందు చాలాసార్లు సెల్యూట్ చేశాను. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే మా స్టేషన్ వాళ్ళంతా ఆవిడ ముందు నిటారుగా నిలబడి ఉన్నారు.